మీ స్పేస్‌షిప్‌లో ఎవరెవరున్నారు? సైన్స్ ఫిక్షన్ రాయబోయే వాళ్ల కోసం

సైన్స్ ఫిక్షన్ కథ ఒకటి రాసి పెట్టుకున్నారా? దాన్ని బయటికి తీయండి. ఒక తెల్లకాగితం మీద ఐదు గళ్లు గీయండి. మొదటి గడిలో పాత్ర పేరు, ఇంటిపేరు ఉంటే దాంతో సహా. రెండో గడిలో ఆ మనిషి చేసే పని. మూడో గడిలో ఆ మనిషి నోట మీరు పెట్టిన తెలుగు ఎలాంటిదో. నాలుగో గడిలో ఒంటి గురించి రాసిన మాటలు, ఉన్నవి ఉన్నట్టుగా. ఐదో గడిలో కథ చివరికి ఆ మనిషి ఏమయ్యాడో. ఒక్క వాక్యం మాట్లాడి వెళ్లిపోయిన వాళ్లను కూడా వదలొద్దు. ఈ పట్టిక పక్కన పెట్టుకుని మిగతాది చదవండి.

నేను గుంటూరులో హైస్కూల్ పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఆదివారం సాయంత్రాలు బ్రాడీపేటలో మా ఇంటి మేడ మీద కథలు రాసే పిల్లలు చేరతారు. ఎక్కువమంది డిగ్రీ, ఇంజనీరింగ్ చదివేవాళ్లు. కొందరు విజయవాడ నుంచి రైలెక్కి వస్తారు. వాళ్లలో చాలామంది సైన్స్ ఫిక్షనే రాస్తామంటారు. క్లాసులో విన్న సూత్రాన్ని పట్టుకుని కథ అల్లే పిల్లలు దొరకడం నాకు నిజంగా సంతోషం. అందుకే ఒక్క విషయంలో పట్టుబడతాను. రాకెట్ లెక్క ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో, ఆ రాకెట్ ఎవరు ఎక్కారో, ఎవరు కిందే ఉండిపోయారో కూడా అంతే జాగ్రత్తగా చూసుకోవాలి.

విజయవాడ కృష్ణలంక నుంచి వచ్చే ఒక అబ్బాయి చంద్రుడి మీద తెలుగువాళ్ల స్థావరం గురించి కథ తెచ్చాడు. కాలం 2140. సైన్స్ బాగా చదివి రాశాడు. చంద్రుడి మీద గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతేనని, పగలు రెండు వారాలు, రాత్రి రెండు వారాలని, అక్కడి ధూళిలో గాజు రేణువులుంటాయని, అవి స్పేస్‌సూట్ బట్టను అరగదీస్తాయని, అన్నీ ఉన్నాయి. పట్టిక గీయమన్నాను. కమాండర్ ఆర్యన్, డాక్టర్ అనన్య, ఇంజనీర్ విక్రమ్. ముగ్గురూ పత్రికల తెలుగు మాట్లాడతారు. ముగ్గురి ఒంటిరంగు గురించీ ఒక్క మాట లేదు. క్యాంటీన్ మనిషి ఒక్కడిదే పల్నాడు యాస, అదీ నవ్వు పుట్టించడానికి. ఆక్సిజన్ సిలిండర్లు దొంగిలించేవాడు ఒక్కడే 'నల్లగా, బండగా' ఉన్నాడు. గాలి ఫిల్టర్లు కడిగేది ఎవరో, చెత్త ఎత్తేది ఎవరో కథలో లేనే లేదు. ఆ అబ్బాయి నాన్న పారిశుధ్య కార్మికుడు. తెలుగువాళ్లను చంద్రుడి దాకా తీసుకెళ్లిన కథ, రాసినవాడి ఇంట్లోవాళ్లను మాత్రం కృష్ణలంకలోనే వదిలేసింది.

అతన్ని నేనేమీ అనలేదు. చదివిన కథల్లో, చూసిన సినిమాల్లో భవిష్యత్తంతా అలాంటి మనుషులతోనే నిండి ఉంటే చేయి అటే పోతుంది. మీ పట్టికా అలాగే ఉంటే బాధపడకండి. అది చూశాక ఏం చేయాలన్నదే అసలు పని.

ఇతరచోట్ల ఇది ఎలా జరిగిందో కొంచెం తెలుసుకుంటే మంచిది. శామ్యూల్ డెలానీ అనే నల్లజాతి రచయిత 1960ల చివర్లో ఒక అంతరిక్ష నవల రాశాడు. కథానాయకుడి తల్లి సెనెగల్ మనిషి. ఆ నవలను సీరియల్‌గా వేసుకోమని పంపితే, అప్పట్లో అమెరికా సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద పేరున్న సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ వద్దన్నాడు. నల్లవాడు ముఖ్యపాత్ర అయితే తమ పాఠకులు ఆ పాత్రకు దగ్గర కాలేరన్నది ఆయన చెప్పిన కారణమని డెలానీ తర్వాత రాశాడు. కాంతివేగాన్ని దాటే ఓడలను నమ్మడానికి ఇబ్బంది లేని పాఠకులకు నల్లవాడైన కెప్టెన్‌ను నమ్మడం కష్టమవుతుందని ఒక సంపాదకుడు అనుకున్నాడు. 1968లో ఆ నవల పుస్తకంగానే వచ్చింది.

1966లో అమెరికాలో మొదలైన స్టార్ ట్రెక్ టీవీ సీరియల్‌లో నిషెల్ నికోల్స్ అనే నల్లజాతి నటి ఓడలో అధికారి వేషం వేసింది. మొదటి సీజన్ తర్వాత ఆవిడ మానేద్దామనుకుంటే, మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా మానొద్దని చెప్పాడని ఆవిడే పలుచోట్ల చెప్పింది. తర్వాత 1977లో నాసా ఆడవాళ్లనూ నల్లవాళ్లనూ వ్యోమగాములుగా చేరండని పిలవడానికి ఆవిడ సాయం తీసుకుంది. 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్, చిన్నప్పుడు ఆ పాత్రను చూసి ఉత్సాహం తెచ్చుకున్నానని చెప్పింది. సైన్స్ టీచర్‌గా నాకు ఈ వరుస చాలా ముఖ్యం. తెర మీద ఓడలో ఎవరు కూర్చున్నారో చూసి, లాబ్‌లో ఎవరు కూర్చోవచ్చో పిల్లలు నిర్ణయించుకుంటారు.

అయితే అక్కడి జాతి సంగతిని ఇక్కడి కులం మీద అచ్చుగుద్దినట్టు దించకండి. రెండూ ఒకటి కావు. అక్కడ చాలావరకు ఒంటిరంగు చూసి మనిషిని ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయిస్తారు. ఇక్కడ రంగు చూసి చెప్పలేరు కాబట్టి ఇంటిపేరు అడుగుతారు. ఊరు అడుగుతారు, ఊళ్లో ఏ వైపని అడుగుతారు. ఏం తింటారో, ఇంట్లో ఏ దేవుడి పటం ఉందో చూస్తారు. ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ తీసుకున్నా దాదాపు 99.9 శాతం ఒకటే. ఈ రెండు అడ్డుగోడల్లో దేన్నీ సైన్స్ కట్టలేదు, మనుషులు కట్టారు. కాబట్టి భవిష్యత్తు కథలో అవి వాటంతటవే కూలిపోయాయని అనుకోకూడదు. కూలిపోతే ఎవరు కూల్చారో, నిలబడి ఉంటే ఎవరు కాపలా కాస్తున్నారో రచయితకు తెలిసి ఉండాలి. ఆ సంగతి కథలో చెప్పకపోయినా ఫర్వాలేదు, మీకు మాత్రం తెలియాలి.

పని నుంచి మొదలుపెట్టండి

కొత్తగా రాసేవాళ్లు పాత్రల జాబితాను పైనుంచి మొదలుపెడతారు. కమాండర్, సైంటిస్టు, డాక్టర్ అంటూ. మీరు కింది నుంచి రండి. మీ స్థావరంలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వాడిన నీళ్లు ఎటు పోతున్నాయి? అన్నం ఎవరు వండుతున్నారు? రోగి పక్క బట్టలు ఎవరు మారుస్తున్నారు? చచ్చిపోయినవాళ్లను ఎక్కడ పెడుతున్నారు, ఎవరు మోస్తున్నారు? 'రోబోలు చేస్తాయి' అని రాస్తే ఇంకో ప్రశ్న వస్తుంది. రోబోలు రాకముందు ఆ పని చేసిన కుటుంబాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? రోబో ఆగిపోయిన రోజు ఎవరిని పిలుస్తారు?

మనుషుల చేత పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ మన దేశంలో 2013లో చట్టం వచ్చింది. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక చనిపోయారన్న వార్త ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీశాక ఇళ్లలో, వీధుల్లో మోకాలిలోతు బురద. దాన్ని ఎత్తడానికి రాష్ట్రంలోని వేరే ఊళ్ల నుంచి కూడా పారిశుధ్య కార్మికులను తీసుకొచ్చారు. అప్పుడు ఆకాశంలో డ్రోన్లు అన్నం పొట్లాలు మోస్తున్నాయి. కింద మనుషులు చేత్తో బురద ఎత్తుతున్నారు. ఆ రెండూ ఒకే వీధిలో, ఒకే వారంలో జరిగాయి. భవిష్యత్తు అనేది అందరికీ ఒకేసారి రాదని తెలుసుకోవడానికి అంతకంటే ఏం కావాలి? విజయవాడలో ఉండి వరద మీద సైన్స్ ఫిక్షన్ రాయాలనుకునే వాళ్లు ముందు ఆ బురద ఎత్తిన వాళ్లతో మాట్లాడాలి.

పని నుంచి కథ ఎలా పుడుతుందో చూపించే పాత కథ ఒకటుంది. డుబోయిస్ అనే నల్లజాతి మేధావి 1920లో రాశాడు. తోకచుక్క వదిలిన విషవాయువుతో న్యూయార్క్ నగరం చచ్చిపోతుంది. బతికి బయటపడేది ఒక బ్యాంకు బంట్రోతు, నల్లవాడు. ఎందుకు బతికాడు? విలువైన మనుషులను పంపడానికి వీల్లేనంత ప్రమాదమైన చోటని, బ్యాంకు అడుగున ఉన్న నేలమాళిగలోకి అతన్ని దింపారు కాబట్టి. పైవాళ్లందరూ పోయారు, కిందికి తోసినవాడు మిగిలాడు. కథలో సైన్స్ సంఘటనా, సమాజపు అన్యాయమూ ఒకే మెలికలో ముడిపడ్డాయి. తర్వాత అతనికి ఒక ధనవంతురాలైన తెల్లమ్మాయి కనబడుతుంది. ప్రపంచంలో తామిద్దరమే మిగిలామనుకుంటారు. ఆ కొద్ది గంటలు ఆ అమ్మాయి అతన్ని మనిషిగా చూడగలుగుతుంది. అంతలో నగరం బయట బతికి ఉన్నవాళ్లు వస్తారు, వాళ్లలో ఆమె తండ్రి ఉంటాడు. అంతే, గోడ మళ్లీ లేచి నిలబడుతుంది.

ఈ కథను మా పిల్లలకు నేను తప్పకుండా చెప్తాను. రాసేవాళ్లు దీన్నుంచి పట్టుకోవాల్సింది ఒక పద్ధతి. మీ సైన్స్ సంఘటనను తీసుకెళ్లి సమాజపు కట్టుబాటు మీద నేరుగా పెట్టండి. అది వంగుతుందా, విరుగుతుందా, విరిగాక మళ్లీ అతుక్కుంటుందా చూడండి. ఆ చూడటమే కథ.

డుబోయిస్‌కు 1946లో మన అంబేద్కర్ ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెడుతున్న అర్జీ ప్రతులు పంపమని అడిగారు. అస్పృశ్యుల స్థితికీ అమెరికా నల్లవాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందని అందులో రాశారు. డుబోయిస్ జవాబిచ్చాడు. విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం చూడటానికి వెళ్లినప్పుడు ఈ ఉత్తరం సంగతి మా పిల్లలకు చెప్తుంటాను. రెండు సముద్రాల అవతల ఉన్న ఇద్దరు మనుషులు ఒకరి పోరాటాన్ని ఇంకొకరు గుర్తుపట్టారు. తేడాలను తేడాలుగా ఉంచుతూనే పక్కన నిలబడటం ఎలాగో ఆ ఉత్తరంలో ఉంది.

యంత్రం ఎవరిని చూడదు?

సైన్స్ ఫిక్షన్‌కు సైన్సే ప్రాణం కాబట్టి, అన్యాయాన్ని ఉపన్యాసంలో కాకుండా పరికరంలో చూపించగలిగితే కథ బలంగా ఉంటుంది. దీనికి ఊహ కూడా పెద్దగా అక్కర్లేదు.

కరోనా రోజుల్లో మనందరం వేలికి పెట్టుకున్న ఆక్సిమీటర్ గుర్తుందా? అది వేలిలోంచి ఎర్ర కాంతిని, పరారుణ కాంతిని పంపి, రక్తం ఏ కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచి ఆక్సిజన్ శాతం చెప్తుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. 2020లో అమెరికా వైద్యులు లెక్కతీస్తే, ఆక్సిజన్ నిజంగా పడిపోయినా మీటర్ బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్లలో కంటే నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగింది. 2018లో జాయ్ బులామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు ముఖాన్ని చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. లేతరంగు మగవాళ్ల విషయంలో తప్పు ఒక శాతం కూడా దాటలేదు. ముదురురంగు ఆడవాళ్ల విషయంలో ఒక సాఫ్ట్‌వేర్ 34.7 శాతం తప్పు చెప్పింది.

మన దగ్గరికి వద్దాం. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే హమాలీల చేతులు, తొడిమలు తీసే ఆడకూలీల వేళ్లు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? రాపిడి పనిలో వేలి గీతలు అరిగిపోతాయి. వయసు మీద పడితే ఇంకా. చౌక డిపోలో మిషన్ మీద వేలు పెడితే 'పడలేదు' అంటారు. చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టమంటారు. ఆ బియ్యం పండించిన చేతుల్ని, మోసిన చేతుల్ని మిషన్ గుర్తుపట్టదు. దీన్ని ఇంకో వంద సంవత్సరాలు ముందుకు తీసుకెళ్లండి. తలుపు తెరవడానికి, గాలి పీల్చడానికి, ఓడ ఎక్కడానికి వేలిముద్రే తాళం అయిన ప్రపంచంలో గీతలు లేని వేళ్లున్న మనిషి ఎలా బతుకుతుంది? మీకు కథ దొరికింది. గుంటూరు వాళ్లే రాయగల కథ అది.

కృష్ణలంక అబ్బాయి కథ ఇక్కడే మలుపు తిరిగింది. ఆక్సిమీటర్ ఎలా పనిచేస్తుందో బోర్డు మీద గీసి చూపించాను. తర్వాతి వారం అతను కథను మళ్లీ రాసుకొచ్చాడు. ఇప్పుడు కథలో ముందుకొచ్చింది దీనమ్మ. స్థావరంలో గాలి ఫిల్టర్ల టెక్నీషియన్. గాలి పలచబడుతోందని ఆమె ఒంటికి ముందే తెలుస్తోంది, కళ్లు తిరుగుతున్నాయి. వేలికున్న సెన్సర్ మాత్రం 97 చూపిస్తోంది. డాక్టర్ మీటర్‌ను నమ్ముతుంది, దీనమ్మను నమ్మదు. డాక్టర్ చెడ్డమనిషేమీ కాదు, చదువుకున్నది అలా చదువుకుంది. సెన్సర్‌ను ఎవరి వేళ్ల మీద పరీక్షించి తయారు చేశారో దీనమ్మ పాత రికార్డుల్లో వెతకడం మొదలుపెడుతుంది. కథలో దొంగ అవసరమే లేకుండా పోయింది. 'నల్లగా, బండగా' అన్న మాట దానంతటదే వెళ్లిపోయింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. పరికరం పని తీరు సరిగ్గా తెలుసుకోకుండా ఇలాంటి కథ రాయొద్దు. సైన్స్ తప్పయితే, న్యాయం గురించి మీరు చెప్పినదాన్ని కూడా పాఠకుడు పక్కన పెట్టేస్తాడు. కాలేజీ ఫిజిక్స్ పుస్తకం తిరగేయండి, తెలిసిన వాళ్లను అడగండి.

ఖాళీ నేల అంటూ ఉండదు

అంగారకుడి మీద కాలనీ కథలు మా మేడ మీదికి చాలా వస్తాయి. దిగుతారు, జెండా పాతుతారు, ఊరికి పేరు పెడతారు. ఆ ఉత్సాహం నాకూ ఇష్టమే. కానీ 1898లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ మార్స్ వాళ్లు భూమి మీద దాడి చేసినట్టు రాసినప్పుడు, మొదటి అధ్యాయంలోనే ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా దీవి ప్రజల్ని గుర్తుచేశాడు. యూరప్ వాళ్లు అక్కడి మనుషుల్ని ఏం చేశారో తలచుకుని, ఆ తర్వాత మార్స్ వాళ్లను తిట్టుకోండన్నాడు.

మనకు టాస్మానియా దాకా పోవాల్సిన పని లేదు. 1971లో శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరింది. అది మన గర్వం, నా క్లాసులో ఇస్రో ప్రయోగం ఉన్న రోజు పాఠం ఆపి మరీ చూపిస్తాను. ఆ దీవి రాకెట్ కేంద్రం రాకముందు యానాదుల ఇల్లు. అడవిలో దుంపలు, తేనె, మూలికలు, పులికాట్ సరస్సులో చేపలు, వాటితో బతికేవాళ్లు. కేంద్రం కోసం వాళ్లను అక్కణ్నుంచి తరలించారు. రాకెట్ గురించి ఎన్నో కథలు రాశాం. రాకెట్ ఎగిరే నేల మీద పుట్టిన యానాది పిల్ల ఆ పొగను ఎక్కణ్నుంచి చూసిందో ఎంతమందిమి రాశాం? మీ కాలనీ కథలో ఒక్క ప్రశ్న పెట్టుకోండి. మనం దిగకముందు ఈ చోటు ఎవరిది, ఇప్పుడు వాళ్లు ఎక్కడ? అంగారకుడి మీద ఎవరూ లేకపోవచ్చు. ఆ ఓడ కట్టడానికి భూమి మీద ఎవరి నేల తీసుకున్నారో ఉంటుంది కదా.

గ్రహాంతరవాసిని ఎక్కడ నిలబెట్టాలి

ఇక అన్నిటికంటే ఎక్కువగా నేను వాదించే విషయం. 'మేడమ్, నా కథలో కుల వివక్ష గురించే రాశాను, కానీ నేరుగా కాదు, నీలం రంగు గ్రహాంతరవాసులను పెట్టాను' అని పిల్లలు ఉత్సాహంగా చెప్తారు. ఉద్దేశం మంచిదే. పట్టిక గీయమంటే మాత్రం, వివక్ష అనుభవించేది నీలం జీవులు, వాళ్ల మీద జాలిపడి కాపాడేది అగ్రకులపు పేరున్న హీరో. దళితుడు కానీ, గిరిజనుడు కానీ, ముస్లిం కానీ ఒక్కరూ కథలో లేరు. వాళ్ల బాధను తీసుకుని, వాళ్లను బయట నిలబెట్టిన కథ అది. పైగా, నిజంగా మనిషే అయిన వాడికి ప్రతీకగా మనిషి కాని దాన్ని పెట్టడంలో ఎంత ప్రమాదం ఉందో ఆలోచించండి.

దీనికి మన దగ్గరే గొప్ప పాఠం ఉంది. వినుకొండలో పుట్టి గుంటూరులో కన్నుమూసిన జాషువా 1941లో గబ్బిలం ప్రచురించారు. అందులో అంటరానివాడికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. కాబట్టి కాశీలోని శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఆ కావ్యం ఎలా కట్టారో రచయిత కళ్లతో చూడండి. గబ్బిలం దళితుడికి ప్రతీక కాదు. దళితుడు అక్కడే ఉన్నాడు, తన నోటితో తనే మాట్లాడుతున్నాడు. గబ్బిలం అతని ఎదురుగా వేలాడుతూ వింటోంది. మనిషికి మూసిన తలుపు జంతువుకు తెరిచి ఉందన్న ఒక్క సంగతితో ఆ తలుపు ఎలాంటిదో తెలిసిపోతోంది.

మీ గ్రహాంతరవాసిని అలాగే వాడండి. మనిషి స్థానంలో కాదు, మనిషి పక్కన. గ్రహాంతర రాయబారి విజయవాడలో దిగితే ఏ ఇంట్లోకి నేరుగా రానిస్తారు, ఏ ఇంటి అద్దె కోసం వెళ్లిన మనిషిని గేటు దగ్గరే 'మీరేవిట్లు' అని కులం అడుగుతారు? ఎనిమిది కాళ్లున్న అతిథికి హాల్లో సోఫా వేసి, అదే రోజు పనిమనిషికి వేరే గ్లాసు ఇచ్చే ఇల్లు రాయండి. ఎవరికీ ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు.

పేరు, మాట, రంగు

పేర్లు మీ చుట్టూ ఉన్నవే తీసుకోండి. దీనమ్మ, ఏసురత్నం, మస్తాన్‌వలి, నాగూర్‌బీ, కోటేశ్వరమ్మ, బాణావత్ ఇంటిపేరున్న లంబాడా అమ్మాయి, వీళ్లంతా 2140లో ఉంటారు. గుంటూరులో కాలే మస్తాన్ దర్గా మొక్కుతో హిందువుల ఇళ్లలో కూడా మస్తానయ్యలు, మస్తానమ్మలు పుట్టారు. అలాంటి పేరు ఒక్కటి చాలు, ఊరి చరిత్ర మొత్తం కథలోకి వస్తుంది.

యాస అందరికీ ఇవ్వండి, లేదంటే ఎవరికీ ఇవ్వొద్దు. కమాండర్ టెన్షన్‌లో ఉన్నప్పుడు కూడా పత్రికల తెలుగే మాట్లాడితే అది యంత్రం మాట. పల్నాడు యాస మాట్లాడే ఆవిడను కక్ష్య లెక్క వేయనీయండి. రంగు కూడా అంతే. ఒక్క పాత్ర రంగు చెప్తే అందరి రంగూ చెప్పండి. నలుపును చెడుతో, చీకటితో, భయంతో ముడిపెట్టిన వాక్యాలన్నిటినీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి మార్చండి.

ఒక విషయం మరచిపోవద్దు. దీనమ్మను కథంతా బాధపడుతూనే ఉంచకండి. ఆవిడ చంద్రుడి మీద క్రిస్మస్‌కు స్టార్ కడుతుంది. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకు సెలవు దొరకలేదని అలుగుతుంది. చేపల పులుసు రుచి మీద వాదన పెట్టుకుంటుంది. కష్టం ఒక్కటే రాస్తే అది సగం మనిషే.

మీది కాని జీవితం రాయాల్సొస్తే

రాయొచ్చా అని అడుగుతారు. రాయొచ్చు, శ్రమపడితే. ముందు ఆ సమూహం నుంచి వచ్చిన రచయితలను చదవండి. తర్వాత వెళ్లి కూర్చోండి. 'మీ బాధలు చెప్పండి' అని అడగొద్దు, పని గురించి అడగండి. పొద్దున ఎన్నింటికి వెళ్తారు, ఏ పరికరం వాడతారు, అది పాడైతే ఏం చేస్తారు, ఏం మారితే పని సులువవుతుంది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబుల్లో మీరు కలలో కూడా ఊహించని ఆవిష్కరణలుంటాయి. మ్యాన్‌హోల్ గురించి రోజూ ఆలోచించే మనిషికి భవిష్యత్తు గురించి స్పష్టమైన ఆలోచనలు ఉంటాయి, మనం అడగకపోవడమే లోటు. రాసింది వాళ్లకు చదివి వినిపించండి. వద్దన్న సంగతి తీసేయండి. మీ కథకు పారితోషికం వస్తే వాళ్ల సమయానికి కూడా డబ్బివ్వండి.

బొమ్మ

కథ అంగీకరించారన్న కబురు రాగానే పని అయిపోయిందనుకోవద్దు. అమెరికా రచయిత్రి అర్సులా లె గ్విన్ 1968లో మొదలుపెట్టిన నవలల్లో నాయకుడు ఎర్రగోధుమ రంగు మనిషి. చాలా ఏళ్ల పాటు అట్టల మీద అతన్ని తెల్లగా వేశారు. 2004లో టీవీ సీరియల్‌గా తీసినప్పుడు తెల్ల నటుణ్ని పెట్టారు. ఆవిడ బహిరంగంగా నిరసన రాసింది. మన పత్రికల్లో కూడా నల్లటి నాయిక బొమ్మలోకి వచ్చేసరికి తెల్లబడిపోవడం మామూలే. ఇప్పుడు ఏఐతో బొమ్మ వేయించే వాళ్లకూ ఇదే చెప్పాలి, రంగు అడక్కపోతే అది తనకు అలవాటైన ముఖాన్నే ఇస్తుంది. కాబట్టి కథతో పాటు చిత్రకారుడికి ఒక చిన్న చీటీ పంపండి. దీనమ్మ కథకు మా వాడు పంపింది ఇది:

'అయ్యా, దీనమ్మ వయసు నలభై ఐదు. రంగు నలుపు, తెల్లగా వేయొద్దు. పొట్టి మనిషి, జుట్టు ముడి. స్పేస్‌సూట్ మోచేతుల దగ్గర అరిగి ఉంటుంది. చేతిలో ఫిల్టర్ బ్రష్ ఉంటుంది, చీపురు కాదు. డాక్టర్ ఆమె ఎదురుగా కూర్చుని ఉంటుంది, ఇద్దరి కుర్చీలూ ఒకే ఎత్తు. అచ్చుకు పంపే ముందు బొమ్మ ఒకసారి చూపించగలరు.'